మా బ్రూనో బిల్లు న్యాయమేనా?

గత వేసవిలో స్నేహితులు వస్తే పెరట్లో మొక్కజొన్న పొత్తులు కాల్చుకున్నాం. ఎవరో పక్కన పడేసిన కండె ముక్కను మా లాబ్రడార్ బ్రూనో మింగేసింది. రెండో రోజు రాత్రి ఒకటే వాంతులు. పదకొండింటికి ఎమర్జెన్సీ క్లినిక్‌కు పరిగెత్తాం. ఎక్స్‌రే, స్కాన్, ఆపరేషన్, రెండు రాత్రులు అక్కడే. బిల్లు 3,400 పౌండ్లు. ఇన్సూరెన్స్ పోను మా జేబులోంచి 1,100 పైచిలుకు.

తెనాలిలో ఉన్న నాన్నకు ఫోన్లో చెబితే, "ఆ డబ్బుకి మూడు పాడిగేదెలొస్తాయిరా" అన్నారు. ఇక్కడి మనవాళ్లదీ ఇంచుమించు అదే మాట. కాకపోతే నవ్వుతూ అంటారు.

నిజం చెప్పాలంటే ఆ ఆపరేషన్ బిల్లు మీద నాకు ఫిర్యాదు లేదు. అర్ధరాత్రి సర్జన్, మత్తు చూసే నర్సు, పొద్దున దాకా పక్కన కూర్చునే మనిషి కావాలి. బ్రిటన్‌లో ఎన్‌హెచ్‌ఎస్ పుణ్యమా అని మనిషి పొట్ట కోస్తే ఎంతవుతుందో మనకు తెలియదు. కుక్కకు ఎన్‌హెచ్‌ఎస్ లేదు. పైగా ఫీజు మీద 20 శాతం వ్యాట్.

నా కోపం మా మామూలు క్లినిక్ మీద. బ్రూనోకు దురద మాత్రలు రోజూ వేయాలి. రెండేళ్లుగా అక్కడే నెలకు 85 పౌండ్లు పెట్టి కొన్నాను. ప్రిస్క్రిప్షన్ రాయించుకుని ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చని పార్కులో కుక్కను తిప్పే ఒక పెద్దావిడ చెప్పేదాకా తెలియదు. అడిగితే రాసివ్వాల్సిందే, దానికి వేరే ఫీజు ఉంటుంది. ఆ ఫీజు కలిపినా నెలకు 30 పౌండ్లు మిగులుతున్నాయి. కోడ్‌లో తప్పులు వెతకడమే ఉద్యోగమైన నాకు ఇది తట్టకపోవడం నా తప్పే. కానీ క్లినిక్‌లో ఒక్కరూ నోరు విప్పలేదు. బయట బోర్డు మీద పాత డాక్టరుగారి పేరే ఉంది. అది ఎప్పుడో ఓ పెద్ద గ్రూపు చేతిలోకి వెళ్లిందని ఇన్వాయిస్ కింది చిన్న అక్షరాల్లో చదివాను.

ఇది నా ఒక్కడి గోడు కాదు. ఇక్కడి పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ 2023లో ఈ రంగంపై దృష్టి పెట్టింది, 2024లో పూర్తి విచారణకు దిగింది. 2013లో పదింట ఒక క్లినిక్ పెద్ద గ్రూపులదైతే, ఇప్పుడు పదింట ఆరు వాళ్లవే. 2016 నుంచి 2023 మధ్య ధరలు 63 శాతం పెరిగాయని తేల్చింది. ధరల పట్టిక, యజమాని పేరు బయటపెట్టాలని, ప్రిస్క్రిప్షన్ ఫీజుకు పరిమితి ఉండాలని 2025లో ప్రతిపాదించింది. నాకు కావలసిందీ అంతే. బల్ల మీద మూలుగుతున్న కుక్కను పట్టుకుని, పక్కన ఏడుస్తున్న కూతురి ముందు ఎవరు బేరమాడతారు? ధర ముందే తెలియాలి.

పోయిన వారం పళ్లు శుభ్రం చేయడానికి ఎంతవుతుందని రిసెప్షన్‌లో అడిగాను. డాక్టర్ చూశాక చెబుతాం అన్నారు. చూడ్డానికి ఎంత అన్నాను. 58 పౌండ్లట. ఊళ్లో మరో రెండు క్లినిక్‌లకు ఫోన్ చేసి, అప్పుడు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, వేరే చోట.