దద్దుర్లకు ట్యూబు రాసే ముందు కల్లు సంగతి అడగండి

2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసినప్పుడు దాడులు జరిగాయి, కేసులు పెట్టారు, దుకాణాలు మూయించారు. అవన్నీ జరగాల్సినవే. అయితే ప్రాణం మీదికి రాకముందే కల్లులో కలిపిన మందు కొందరికి ఒంటి మీద తెలుస్తుంది. అక్కడ పట్టుకోవడం లేదన్నదే నా ఫిర్యాదు.

చెట్టు కల్లు వేరు, మందు కల్లు వేరని మా రాయపోల్ వైపు తాగేవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. చెట్లు తక్కువై గిరాకీ పెరిగిన చోట నిషా కోసం అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతున్నారని రాష్ట్రంలో ఏళ్లుగా నమోదవుతున్న కేసులే చెబుతున్నాయి. క్లోరల్ హైడ్రేట్ కొందరికి దద్దుర్లు తెస్తుంది, మద్యంతో కలిస్తే మొహం జేవురిస్తుంది. ఇక మందు పడనివాళ్లలో కొందరికి తీసుకున్న ప్రతిసారీ అదే చోట, పెదవి మీదో చేతి మీదో, గుండ్రటి మచ్చ మంటతో లేచి నల్లగా మిగిలిపోతుంది. తెల్లారి ఒళ్లునొప్పులకు మింగే గోలీ వల్ల కూడా ఇలా జరగొచ్చు. అందుకే రెండింటి సంగతీ అడగాలి.

అన్నిటికన్నా మోసం చేసేది ఇంకొకటి. రోజూ తాగేవాడికి మందు కల్లు హఠాత్తుగా దొరకకపోతే చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, చర్మం మీద చీమలు పాకినట్టుంటుంది. "పురుగులు తిరుగుతున్నయి సారూ" అంటూ ఆర్‌ఎంపీ దగ్గరికి వస్తాడు. మోచేతుల దాకా గోళ్ల గీతలు, కొన్ని పుండ్లు పడి ఉంటాయి. గజ్జి అనుకుని ఓ ట్యూబు చేతిలో పెడతారు, చాలాసార్లు అది స్టెరాయిడ్ కలిసినదే. పూతకు వాడే పలు స్టెరాయిడ్లను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్రం ఆదేశించినా మందుల షాపుల్లో అడిగితే ఇస్తున్నారు. దురద తగ్గినట్టే ఉంటుంది. ఆలోగా అతనికి ఫిట్స్ రావొచ్చు.

ఇది ఊహ కాదు. 2015లో కల్తీ కల్లు మీద ఉక్కుపాదం మోపినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో వణుకు, ఫిట్స్, భ్రమలతో జనం దవాఖానలకు పరుగు తీశారు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాల కిటకిటలాడింది. అప్పటికి మా ఊరూ మెదక్ జిల్లాలోదే. కల్లు బంద్ చేయడం సర్కారు పని అయితే, అలవాటైన ఒంటికి డాక్టర్ పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గించడమూ సర్కారు పనే.

"అడిగితే మాత్రం నిజం చెబుతారా?" అంటారు. పది మంది ముందు "తాగొచ్చినవా?" అని గద్దిస్తే ఎవరూ చెప్పరు. పక్కకు పిలిచి "కాకా, కల్లు ఎక్కడ తాగుతున్నవ్, ఎప్పుడు బంద్ చేసినవ్?" అంటే చెబుతారు. కేసు భయం ఉన్నవాళ్లకు, తనంతట తాను చికిత్సకు వచ్చిన వ్యసనపరుణ్ణి కొన్ని షరతులతో ప్రాసిక్యూషన్ నుంచి కాపాడే 64ఎ సెక్షన్ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే ఉందని చెప్పాలి.

కాబట్టి జిల్లా వైద్యాధికారులకు నా విన్నపాలు మూడే. పల్లె దవాఖానల్లో, పీహెచ్‌సీల్లో దురదతో వచ్చిన పెద్దవాళ్లను కల్లు, గోలీల గురించి విధిగా అడగాలి. ఎక్సైజ్ దాడి జరిగిన ఊరికి మర్నాడే డాక్టరూ వెళ్లాలి. మందు తీవ్రంగా పడలేదని చెప్పే నోట్లో పుండ్లు, కళ్లు ఎర్రబారడం, చర్మం బొబ్బలెక్కి ఊడటం కనిపిస్తే ట్యూబులతో కాలయాపన చేయకుండా వెంటనే సిద్దిపేట ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికి పంపాలని ఆర్‌ఎంపీలకు, ఆశా కార్యకర్తలకు గట్టిగా చెప్పాలి. వీటికి కొత్త భవనాలు, కొత్త నిధులు అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు.

– ఒక పాఠకుడు,
రాయపోల్, సిద్దిపేట జిల్లా