అప్రస్తుత ప్రసంగం

అష్టావధానం చూసినవారికి అప్రస్తుత ప్రసంగి సంగతి వేరే చెప్పనక్కరలేదు. అవధానిగారు ఒకరికి సమస్య పూరిస్తూ, మరొకరికి నిషిద్ధాక్షరి నడుపుతూ వుండగా ఈ పెద్దమనిషి మధ్యలో దూరి, "అవధానిగారూ, తమరింట ఇవాళ వంకాయ కూరా, బీరకాయ కూరా?" అంటాడు. సభ గొల్లుమంటుంది. ఆ నవ్వులో ఒక్క అక్షరం జారిందా, పద్యం పోయిందన్నమాటే. అది జారుతుందేమోనని చూడడానికే ఆయన్ని అక్కడ కూర్చోబెట్టడం.

ఏళ్ల తరబడి ఈ విద్యను గురించి పిల్లలకు పాఠం చెబుతున్న నేను, కిందటి సెమిస్టరులో ఒక్క అక్షరం దగ్గర ఎలా భంగపడ్డానో మనవి చేసుకుంటాను.

ఆ రోజు శుక్రవారం. ఇంటర్నల్ మార్కులు సాయంత్రం నాలుగింటిలోగా కంప్యూటరులోకి ఎక్కించాలి. స్టాఫ్ రూములో రెండు కంప్యూటర్లు, మేము ఆరుగురం. నా వంతు వచ్చేసరికి మూడున్నర అయింది. ఎదురుగా మార్కుల జాబితా. చెవి దగ్గర ఫోను. గ్యాసు బండ వచ్చింది, ఓటీపీ చెప్పమని మా ఆవిడ. గుమ్మంలో బోనఫైడ్ సర్టిఫికెట్ల మీద సంతకం కోసం ఇద్దరు కుర్రాళ్లు. సరిగ్గా అప్పుడే ఒక ఈమెయిల్ వచ్చి వాలింది. పంపినది కాలేజీ కంప్యూటర్ విభాగమట. మీ పెట్టె నిండిపోయింది, గంటలోగా ఈ లింకు నొక్కి పాస్‌వర్డు ఇవ్వనిచో మూసివేయబడును అని దాని సారాంశం.

నొక్కాను. ఇచ్చాను. ఓటీపీ సరిగ్గానే చెప్పాను, సంతకాలూ చేశాను, మార్కులూ ఎక్కించాను. ఎంత పని చేశానా అని తృప్తి కూడా పడ్డాను.

తరవాత చూస్తే ఆ చిరునామాలో మా కాలేజీ పేరుకి 'ఎమ్' వుండవలసిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన అంటించి పెట్టారు. దూరం నుంచి అచ్చం 'ఎమ్' లాగే వుంది. 'ళ'కి 'ల' రాసిన పిల్లవాడికి అరమార్కు కోసే పంతులు చూసుకోలేదు! పంపినవారి పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చునట. అసలు గుట్టు దాని వెనక చిరునామాలో వుంటుందట. ఆ సంగతి నాకు తెలియదని కాదు. తెలిసినది ఆ అరనిమిషంలో అక్కరకు రాలేదు.

1999లో డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ షాబ్రిస్ అనే ఇద్దరు ఒక ప్రయోగం ప్రకటించారు. బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమని ఒక చిత్రం చూపించారు. ఆ ఆటగాళ్ల మధ్య నుంచి గొరిల్లా వేషం వేసుకున్న మనిషి దర్జాగా నడిచి వెళ్లింది. చూసినవారిలో ఇంచుమించు సగం మందికి గొరిల్లా కనబడనేలేదు. కళ్లు లేక కాదు గదా, లెక్కలో వున్నారు. నేను మార్కులలో వున్నట్టే.

ఈ దొంగలకు మన తీరుబడి లేనితనమే పెట్టుబడి. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు సొమ్ము కాజేసినవారు అంతకు ముందు ఏడాదే, వుద్యోగం కోరుతున్నట్టు ఈమెయిళ్లు పంపి లోపలికి దారి చేసుకున్నారు. కొల్లగొట్టడానికి గురువారం రాత్రి ఎంచుకున్నారు. మర్నాడు శుక్రవారం ఢాకాలో సెలవు, ఆపైన న్యూయార్కులో శని ఆదివారాలు, సోమవారం మనీలాలో చాంద్రమాన సంవత్సరాది. 8 కోట్ల 10 లక్షల డాలర్లు మనీలా చేరి మాయమయ్యాయి. శ్రీలంకకు పోవలసిన మరో 2 కోట్లు మాత్రం ఆగిపోయాయి. ఎందుకనుకున్నారు? 'ఫౌండేషన్' అన్న మాటను దొంగలు 'ఫాండేషన్' అని రాశారు. మధ్యలోని బ్యాంకువారు ఎవరో అది చదివి, ఇదేమిటని ప్రశ్న వేశారు. ఆ మహానుభావుడెవరో గాని, తెలుగు పంతులై పుట్టవలసినవాడు.

నా పాస్‌వర్డుతో వాళ్లు చేసినది అంత ఘనకార్యం కాదు. శనివారం పొద్దున్నే నా పేరుతో మూడో సంవత్సరం పిల్లలందరికీ, పరీక్ష ఫీజు బాకీ 1,850 రూపాయలు మధ్యాహ్నంలోగా కట్టవలెనని వుత్తరం వెళ్లింది. చాలామంది నాకు ఫోను చేశారు. ఒక్కడు కట్టేశాడు. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు.

వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేశాం. డబ్బు ఇంకా తిరిగి రాలేదు. నా జేబులోంచి ఇవ్వబోతే ముందు పుచ్చుకోనన్నాడు. బలవంతాన చేతిలో పెట్టి, "ఎలా నమ్మావురా?" అన్నాను.

"బస్సులో నిలబడి వున్నాను సార్. మీ పేరు కనబడింది. ఇంక చదవలేదు."

ఏమనగలను? నేను కూర్చుని కూడా చదవలేదు.

ఇప్పుడు మార్కుల రోజున ఫోను సొరుగులో పెడుతున్నాను. గ్యాసు బండ సంగతి మా అబ్బాయి చూస్తున్నాడు. మెయిలు తెరవాలంటే పాస్‌వర్డు ఒక్కటే చాలకుండా, నా ఫోనులో కూడా అవునన్న తరవాతే తెరుచుకునేలా ఏర్పాటు చేయించాను. పాస్‌వర్డు అడిగే వుత్తరం ఏది వచ్చినా దానిలోని లింకు ముట్టుకోను. రెండంతస్తుల మెట్లెక్కి కంప్యూటర్ విభాగంలో కుర్రవాణ్ణి అడుగుతాను. నన్ను చూడగానే అతను, "మళ్లీ ఏం వచ్చింది మాస్టారూ?" అని నవ్వుతాడు.

మొన్నమాత్రం నవ్వలేదు. నా పెట్టె నిజంగానే నిండిపోయిందట.