గోడ మీద సమానం, శ్మశానంలో వేరు

డెట్రాయిట్ ఆర్ట్ మ్యూజియం గోడల మీద డీగో రివేరా 1932-33లో 27 ఫలకాల్లో ఫోర్డ్ రూజ్ ఫ్యాక్టరీని చిత్రించాడు. నల్ల, తెల్ల కార్మికులు అందులో పక్కపక్కనే పనిచేస్తారు. వాస్తవంలో ఫోర్డ్ నల్లజాతి కార్మికుల్ని ఎక్కువగా ఫౌండ్రీ వేడిలోకే నెట్టింది.

1932 మార్చి 7న ఆ ఫ్యాక్టరీకి ఆకలి యాత్రగా వెళ్లిన నిరుద్యోగులపై పోలీసులు, కంపెనీ గార్డులు కాల్పులు జరిపారు. నలుగురు చనిపోయారు. గాయాలతో తర్వాత చనిపోయిన ఐదో కార్మికుడు కర్టిస్ విలియమ్స్ నల్లజాతివాడు. ఆ నలుగురి పక్కన అతన్ని పూడ్చడానికి శ్మశానం ఒప్పుకోలేదు. శ్మశానాల కోసం ఇప్పటికీ కొట్లాడుతున్న మనకు ఈ వివక్ష కొత్త కాదు.

బొమ్మలకు డబ్బిచ్చింది ఎడ్సెల్ ఫోర్డ్. వాటిలో ఆ కాల్పులు లేవు. ఏ నగరం తన పరిశ్రమల బొమ్మ గీసుకున్నా మనం అడగాల్సింది ఇదే: ఏ పని ఎవరికిచ్చారు? ఎవరి చావు గోడకెక్కలేదు?