30కి 30

ఫిబ్రవరి వచ్చిందంటే ఇంటర్ కాలేజీల్లో ఒక నాటకానికి తెర లేస్తుంది. దాని పేరు ప్రాక్టికల్స్. ఏడాదంతా తాళం పడి ఉన్న గది తెరుస్తారు. బల్లల మీద దుమ్ము దులుపుతారు. బ్యూరెట్లకు కుళాయి నీళ్లు పట్టించి వరసగా నిలబెడతారు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్‌కు మంచి భోజనం. సాయంత్రానికి పిల్లలందరికీ 30కి 30. ఎగ్జామినర్‌కు నిజాయితీ మరీ ఎక్కువైతే 29. ఎక్స్‌టర్నల్‌గా వెళ్లి ఆ భోజనం నేనూ చేశాను, ఆ 30 నేనూ వేశాను. కాబట్టి ఇక్కడ పెట్టబోయే చీవాట్లలో మొదటి వాటా నాదే. ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరయ్యాను. నోరు విప్పే ధైర్యం పింఛనుతో పాటే వచ్చింది, ఏం చేస్తాం.

మొన్న వేసవిలో మా పక్కింటమ్మాయి రికార్డు పట్టుకొచ్చింది. అట్ట వేసిన పుస్తకం, స్కేలు పెట్టి గీసిన బొమ్మలు, ముత్యాల్లాంటి అక్షరాలు. లఘులోలకం ప్రయోగం దగ్గర ఆగాను. అయిదు పొడవులు, అయిదు ఆవర్తన కాలాలు, చివర గురుత్వ త్వరణం g విలువ, సెంటీమీటర్లలో, సరిగ్గా 980. అయిదుసార్లూ 980. దేవుడు స్వయంగా స్టాప్‌వాచ్ పట్టుకున్నా అలా రాదు.

"లోలకం వేలాడదీశారా అమ్మా?" అన్నాను.

"లేదు మాస్టారూ, సీనియర్ల రికార్డు చూసి రాసేశాం."

అటక మీంచి పాత తాళంకప్ప తీశాను. పురికొస కట్టి, దూలానికున్న ఉయ్యాల కొక్కేనికి వేలాడదీశాం. కొక్కెం నుంచి తాళంకప్ప నడిమికి సరిగ్గా మీటరు. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుంది. ఇరవై ఊగులకు 38 సెకన్లు వచ్చింది. లెక్క కడితే g, మీటర్లలో, పదకొండుకు దగ్గరగా తేలింది. ఎక్కడ పోయింది? వదిలిన క్షణానే "ఒకటి" అని మొదలుపెట్టింది. అంటే ఊగినవి పంతొమ్మిదే. "సున్నా" నుంచి లెక్కపెట్టమన్నాను. ఈసారి 40 సెకన్లు. ఒక ఊగుకు రెండు సెకన్లు, దాని వర్గం నాలుగు, సూత్రంలో వచ్చే 39.48ని నాలుగుతో భాగిస్తే 9.87. ఒక తాళంకప్ప, ఒక పురికొసతో భూమి ఆకర్షణను తూచిన పిల్ల ఎగిరి గంతేయాలి కదా. మొహం చిన్నబుచ్చుకుంది.

"తప్పొచ్చింది మాస్టారూ. 9.8 రావాలి కదా."

ఆ మాట నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. కాపీ కొట్టిన 980 ఆ పిల్లకు ఒప్పు. తన చేత్తో కొలిచిన 9.87 తప్పు. రెండేళ్లు లక్షలు గుంజుకుని మనం ఆ బిడ్డకు నేర్పిన ఫిజిక్స్ ఇదీ!

థియరీ సంగతి ఇంకా ఘోరం. ఏళ్ల తరబడి పేపరు 60 మార్కులకు ఒకే మూసలో వచ్చింది: పది అతి స్వల్ప ప్రశ్నలు, ఎనిమిదిలో ఆరు స్వల్ప సమాధానాలు, మూడింట రెండు దీర్ఘ సమాధానాలు. మార్కుల పంపకం ఈమధ్య అటూ ఇటూ మారుతోంది గానీ వ్యాపారం మారలేదు. మూస తెలిసిపోయాక పుస్తకంతో పనేముంది? మూడు చుక్కలు పెట్టిన ప్రశ్నలు, రెండు చుక్కలవి, "ఇవి చదివితే చాలు, పాస్ గ్యారంటీ". తెలుగు అకాడమీ పుస్తకం కొన్న మడత నలగకుండా మూలన ఉంటుంది, గైడు మాత్రం నలిగి చిరుగుతుంది.

న్యూక్లియర్ రియాక్టర్ ప్రశ్న ఉంది కదా, ఎనిమిది మార్కులది. బొమ్మతో సహా కళ్లు మూసుకుని రాస్తారు. మితకారి అంటారు, నియంత్రణ కడ్డీలంటారు, కాడ్మియం అంటారు. "న్యూట్రాన్‌ను నెమ్మదింపజేయడం ఎందుకమ్మా, వేగంగా కొడితేనే బాగా పగలదా?" అని అడిగి చూడండి. క్లాసు క్లాసంతా నేల చూపులు. నెమ్మదైన న్యూట్రాన్‌నే యురేనియం-235 సులువుగా పట్టుకుంటుందన్న ఆ ఒక్క ముక్కలోనే ఉంది రియాక్టర్ అంతా. దానికి చుక్క లేదు మరి! డాప్లర్ ఫలితమూ ఇంతే. సమీకరణం రాబట్టడం నోటికొచ్చు. ప్లాట్‌ఫాం మీద నిలబడితే, దాటిపోయే రైలు కూత ఎందుకు బొంగురుపోతుందో రాదు.

కెమిస్ట్రీ వాళ్లు నవ్వుకోనక్కర్లేదు. సాల్ట్ అనాలిసిస్ పరీక్షలో "ఆరో నంబరు అమ్మోనియం క్లోరైడ్" అని అటెండరు చెవిలో ఊదితే, పిల్ల వాసన చూడకుండానే అమ్మోనియా ఘాటు గురించి రాస్తుంది. పర్మాంగనేట్ అనుమాపనానికి రండి. బ్యూరెట్‌లో ఆ ముదురు ఊదారంగు ద్రావణం పోసినప్పుడు మట్టం ఎక్కడ చూడాలి? మామూలు ద్రావణాలకు వంపు అడుగు చూడాలని పుస్తకంలో ఉంటుంది. దీనికి అడుగు కనపడదు, పై అంచే చూడాలి. ఒక్కసారి చేత్తో పట్టిన పిల్లకు ఇది చెప్పనక్కర్లేదు. పట్టని పిల్లకు చెప్పినా గుర్తుండదు. చివరి చుక్క పడ్డాక లేత గులాబీ రంగు నిలిచిపోవడం చూసిన కళ్లు అంతిమ బిందువును మరిచిపోవు.

"సార్, టైమెక్కడిది? ఈఏపీసెట్ ఉంది కదా" అంటాయి యాజమాన్యాలు. తెల్లారి లేపి రాత్రి పది దాకా స్టడీ అవర్లలో కుక్కిన పిల్లల దగ్గర వారానికి రెండు గంటలు దొరకవా? ఈఏపీసెట్‌లో 180 నిమిషాలకు 160 ప్రశ్నలు, ఒక్కోదానికి నిమిషం పైచిలుకు. అంత తొందరలో కాపాడేది బట్టీ కాదు. సమాధానం ఇంచుమించు ఎంతుండాలో ముందే పసిగట్టే చూపు, ప్రమాణాలు సరిచూసి తప్పు ఆప్షన్లను కొట్టిపారేసే అలవాటు. ఆ చూపు ల్యాబ్‌లో వస్తుంది. నేల విడిచి సాము చేయించి, కింద పడ్డవాడిని "హార్డ్ వర్క్ చాలదు" అని తిట్టడం ఏం న్యాయం?

ప్రభుత్వ కాలేజీలను వెనకేసుకు రావడం లేదు. నేను పనిచేసినచోట యాసిడ్ సీసాల బిల్లు పాసయ్యేసరికి పరీక్షలు ముగిసేవి. అయినా చూపించాలనుకున్న మాస్టారికి పురికొస దొరక్క ఆగిందేమీ లేదు. ఆగింది మా బద్ధకం వల్ల. ఇది మా తరం లెక్చరర్ల పాపం, ఒప్పుకుంటున్నాను.

తల్లిదండ్రులూ, మీరూ తక్కువ తినలేదు. అడ్మిషన్‌కు వెళ్లి ఏసీ క్లాసులు చూస్తారు, మెస్‌లో కూర రుచి చూస్తారు, గోడ మీది ర్యాంకుల ఫొటోలు చూస్తారు. ఈ జూన్‌లో ఇంకొక్క పని చేయండి. ఫీజు కట్టేముందు ల్యాబ్ తాళం తీయించండి. గది ఉందా అని కాదు, బ్యూరెట్ కింది మర తిప్పి చూడండి. బిగుసుకుపోయి తిరగకపోతే డబ్బు జేబులోనే ఉంచుకుని బయటికొచ్చేయండి.