సిగ్నల్ పోయినా నడిచే ప్రాజెక్టు చేయండి

పెద్దదోర్నాల సెంటర్‌లో శ్రీశైలం బస్సెక్కినవాళ్లకు ఇది అనుభవమే. ఘాట్‌లోకి వెళ్లేకొద్దీ ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే మాయమవుతాయి. అప్పుడు వాట్సాప్‌లో 'బయల్దేరాం' అని కొట్టి చూడండి. పక్కన చిన్న గడియారం బొమ్మ పడుతుంది. సిగ్నల్ తగిలాక మెసేజ్ వెళ్లిపోతుంది. మరి అంతసేపూ అది ఎక్కడుంది? మీ ఫోన్‌లోనే, ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైల్లో.

బీటెక్, ఎంసీఏ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లకు నేను చెప్పేదొకటే. ప్రాజెక్టు కొనకండి. కొన్న 'హాస్పిటల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్' కన్నా, ఎస్‌క్యూలైట్‌ను సొంతంగా కంపైల్ చేసి దాని మీద కట్టిన చిన్న ప్రోగ్రామే ఇంటర్వ్యూలో మిమ్మల్ని నిలబెడుతుంది. దెబ్బతిన్నాను కాబట్టే అంటున్నా. మేం నలుగురం డబ్బులేసుకుని ప్రాజెక్టు కొన్నాం. 'రాస్తుండగా కరెంటు పోతే మీ డేటా ఏమవుతుంది?' అని ఇంటర్వ్యూలో అడిగారు. నోట మాట రాలేదు. తర్వాత ఆ జవాబు నేర్చుకోవడానికి పట్టింది రెండు వారాలే!

మైఎస్‌క్యూఎల్ లాంటి సర్వర్ డేటాబేస్ తహసీల్దార్ ఆఫీసులో రికార్డు రూం లాంటిది. మనం వెళ్లి అడగాలి, అక్కడ మనిషి ఉండాలి, తాళం తీయాలి. ఎస్‌క్యూలైట్ కిరాణా కొట్టులో గల్లాపెట్టె పక్కనుండే పద్దు పుస్తకం. మీ ప్రోగ్రాం తానే తెరిచి తానే రాసుకుంటుంది. డేటా మొత్తం ఒకే ఫైల్. 2000లో రిచర్డ్ హిప్ దీన్ని రాయడానికి కారణమూ అదే. అమెరికా యుద్ధనౌక కోసం ఆయన పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్, డేటాబేస్ సర్వర్ పడిపోయినప్పుడల్లా ఆగిపోయేది. తప్పు సర్వర్‌ది, మాట పడేది వీళ్లు. కోడ్ పబ్లిక్ డొమైన్‌లో ఉంది కాబట్టి లైసెన్సు బెడద కూడా లేదు.

ఎస్‌క్యూలైట్ సైట్‌లో 'అమాల్గమేషన్' అని ఒక జిప్ ఉంటుంది. సుమారు 3 ఎంబీ. లైబ్రరీ మొత్తాన్ని, అంటే 2 లక్షలకు పైగా లైన్లను, ఒకే సి ఫైల్‌గా కలిపి ఇస్తారు. దాన్నీ మీరు రాసిన ఫైల్‌నూ కలిపి జీసీసీకి ఇస్తే చాలు. పాత ల్యాప్‌టాప్ అయినా టీ తాగి వచ్చేలోగా పనైపోతుంది. మొదటిసారి ఎర్రర్లు వస్తాయి, రానివ్వండి. 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' అని వస్తే, హెడర్ పెట్టి అసలు సి ఫైల్ ఇవ్వడం మరిచారని అర్థం. ఆ సి ఫైల్‌ను సి ప్లస్ ప్లస్ కంపైలర్‌కు ఇస్తే ఎర్రర్ల వానే. విడిగా జీసీసీతో ఆబ్జెక్ట్ ఫైల్ చేసి, తర్వాత లింక్ చేయాలి. కంపైలర్ ఎక్కడ ఆగుతుందో, లింకర్ ఎక్కడ మొదలవుతుందో నాకు అర్థమైంది క్లాసులో కాదు, ఈ రెండు ఎర్రర్లతోనే.

ఇప్పుడు అసలు ప్రయోగం. వెయ్యి రికార్డులు ఒక్కొక్కటిగా ఇన్సర్ట్ చేసి టైం చూడండి. మళ్లీ అవే వెయ్యి, ముందు 'బిగిన్', చివర 'కమిట్' పెట్టి చేయండి. తేడా కళ్లకు కడుతుంది. డేటా డిస్క్ మీదికి చేరిందని నిర్ధారించుకున్నాకే ఒక్కో కమిట్ పూర్తవుతుంది మరి. వెయ్యి కమిట్లంటే వెయ్యిసార్లు ఆగడం. రెండోసారి సగంలో ఉండగా ప్రోగ్రాంను చంపేయండి. తిరిగి తెరిస్తే ఆ సగం రికార్డులు ఉండవు. జర్నల్ ఫైల్ ఆధారంగా డేటాబేస్ పాత స్థితికి వెళ్లిపోతుంది. నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే.

'కంపెనీలు క్లౌడ్, ఏఐ అంటుంటే ఈ సి గొడవ ఎందుకన్నా?' అని జూనియర్లు అడుగుతుంటారు. సి భయమైతే పైథాన్‌తో మొదలుపెట్టండి, ఎస్‌క్యూలైట్ మాడ్యూల్ దాంతోపాటే వస్తుంది. ఒక్కసారైనా చేత్తో కంపైల్ చేయమంటాను, అంతే. దీని లోపాలు కూడా మీ నోటితో మీరే చెప్పండి. ఒక ఫైల్లో ఒకసారి ఒక్కరే రాయగలరు, రెండోవాళ్లకు 'డేటాబేస్ లాక్ అయింది' అని వస్తుంది. వందలమంది ఒకేసారి ఎగబడే టికెట్ బుకింగ్‌కు పనికిరాదు. ఫారిన్ కీ తనిఖీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి.

ఏం ప్రాజెక్టు చేయాలంటారా? నల్లమలలో చెంచు గూడేనికి వెళ్లే ఆశా కార్యకర్తను ఊహించుకోండి. బాలింత వివరాలు నమోదు చేయాలి, సిగ్నల్ లేదు. సేవ్ నొక్కితే యాప్ చక్రం తిప్పుతూ కూర్చుంటే ఆమె ఏం చేయాలి? వివరాలు ముందు ఫోన్‌లోనే రాసుకుని, దోర్నాల చేరాక పంపే యాప్ రాయండి. పంపిందో లేదో గుర్తుకు ఒక కాలమ్ పెట్టండి. ఇక్కడో చిక్కుంది. రికార్డు సర్వర్‌కు చేరింది, 'అందింది' అనే కబురు తిరిగొచ్చేలోపు సిగ్నల్ పోయింది. యాప్ మళ్లీ పంపుతుంది. ఒకే బాలింత రెండుసార్లు లెక్కలోకి ఎక్కకుండా ఏం చేస్తారు? రికార్డు పుట్టినప్పుడే ఫోన్‌లో దానికొక ప్రత్యేక నంబరు ఇచ్చి మొదలుపెట్టండి.