బామ్మకి మాత్రం చాదస్తం!

మనకి రెండు రోజులు నిద్ర పట్టకపోతే యాంగ్జయిటీ. ఆఫీసులో విసుగేస్తే బర్నవుట్. చిన్నప్పుడు మేష్టారు తిట్టింది గుర్తొస్తే ట్రామా. ఇవన్నీ నిజమే కావచ్చు, నేను కాదనట్లేదు. మరి అదే ఇంట్లో, పక్క గదిలో ఉన్న బామ్మ అడిగిందే మళ్ళీ అడిగితే? చాదస్తం! ఛాందసం నుంచి జారి పడిన ఈ మాట ఇప్పుడు మన ఇళ్ళల్లో డాక్టర్ చీటీలా చలామణీ అవుతోంది. నాలుగు పుస్తకాలు చదివినవాళ్ళం "అల్జీమర్స్ అనుకుంటా" అంటాం. ఎలా అన్నా, ఇక చేసేదేం లేదని చెప్పుకోడానికే.

చేసేది బోలెడుంది. బి12 తగ్గినా, థైరాయిడ్ మందగించినా మతిమరుపు రావచ్చు. కొన్ని నిద్రమాత్రల వల్లా వస్తుంది. చెవులు సరిగ్గా వినపడకపోయినా అలాగే కనిపిస్తుంది; వినని మాట గుర్తెలా ఉంటుంది? ఉన్నట్టుండి రెండ్రోజుల్లో మనుషుల్ని పోల్చుకోలేకపోతే అది మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కూడా కావచ్చు, వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాల్సిన విషయం.

అన్నిటికంటే మనం చూడనిది డిప్రెషన్. పెద్దవాళ్ళలో అది ఏడుపుగానే బయటపడాలని లేదు. ఒళ్ళు నొప్పులు, అన్నం సయించకపోవడం, తెల్లారుజామున మూడింటికే మెలకువ, ఏమడిగినా "ఏమో, గుర్తులేదు". భర్త పోయాక ఊళ్ళో ఇంటికి తాళం వేయించి, కూకట్‌పల్లిలో పదకొండో అంతస్తుకి తెచ్చిపెట్టిన మనిషిని తలుచుకోండి. అరుగు లేదు, పేరుపెట్టి పిలిచే పక్కింటావిడ లేదు. ఇవాళ ఏ వారమో గుర్తుపెట్టుకుని ఆవిడేం చెయ్యాలి? ఆ దిగులుకి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. అది తగ్గితే మరుపూ చాలామందిలో తగ్గుతుంది. అయితే ఒక్కోసారి ఆ దిగులే డిమెన్షియాకి తొలి గుర్తు. అందుకే ఇంట్లో కూర్చుని తేల్చేది కాదిది. షుగర్ టెస్టుకైతే మూడు నెలలకోసారి తీసుకెళ్తాం. సైకియాట్రిస్ట్ అనగానే "ఈ వయసులో పిచ్చి డాక్టరేంటి, నలుగురూ ఏమనుకుంటారు?"

సరే, నిజంగా డిమెన్షియానే అనుకుందాం. 2023లో వచ్చిన లాసీ-డాడ్ సర్వే అంచనా ప్రకారం దేశంలో అరవై దాటినవాళ్ళలో 7.4 శాతం, అంటే దాదాపు 88 లక్షల మందికి ఉంది. వాళ్ళని చూసుకుంటూ నిద్ర కాచేది ఎక్కువగా కోడళ్ళూ, కూతుళ్ళే. మన వృద్ధాప్య కథలు మాత్రం ఇంకా వృద్ధాశ్రమం గేటు దగ్గరే నిలబడి కన్నీళ్ళు తుడుచుకుంటున్నాయి. పాపం తల్లి, పాపిష్టి కోడలు, అమెరికా కొడుకు! రాత్రి రెండింటికి "మా ఇంటికి పోతా" అని గొళ్ళెం లాగే అత్తగారు, పొద్దున్నే ఆఫీసు లాగిన్ ఉన్న కోడలు, ఆ గొళ్ళెం దగ్గర ఇద్దరూ – ఈ కథ ఎంతమంది రాశారు? సినిమాల సంగతి వదిలేయండి, అక్కడ మతిమరుపు ఇప్పటికీ కామెడీ ట్రాకే.

ఆ కోడలు ఎవరికైనా ఫోన్ చెయ్యాలనుకుంటే టెలీ-మానస్ 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడొచ్చు, డబ్బులు కట్టక్కర్లేదు.