ఆకాశానికి అత్తరు పూస్తారా?

ఈమధ్య ఒక మాట శాస్త్రంలా చెలామణీ అవుతోంది. హోటల్ లాబీకి పరిమళం వెదజల్లే చిన్న డిఫ్యూజర్ చాలట. అదే హోటల్ వెనక ఉన్న లాన్‌కు పెద్దది కావాలట. లాన్ ఎన్ని చదరపు అడుగులో చెబితే మెషిన్ సైజు ఎంతో వాళ్లే తేల్చి చెబుతారట. అమ్మేవాళ్లు ఈ మాట అంటే వ్యాపారంలే అని ఊరుకోవచ్చు. కొనేవాళ్లూ, ఆర్కిటెక్టులూ, పెళ్లిళ్లు చేయించే ఈవెంట్ మేనేజర్లూ, రూఫ్‌టాప్ రెస్టారెంట్ల యజమానులూ కూడా దీన్నే వల్లిస్తుంటే ఊరుకోవడం కష్టం. ఆరుబయటకు పెద్ద మెషిన్ కావాలన్న లెక్క మొదలంటా తప్పు.

చదరపు అడుగుల లెక్క ఎక్కడ పుట్టింది? నాలుగు గోడలూ పైకప్పూ ఉన్న గదిలో. అక్కడ మెషిన్ వదిలిన పరిమళం పోగుపడుతుంది. ఏసీ అదే గాలిని తిప్పి తిప్పి మళ్లీ గదిలోకే పంపుతుంది. తలుపు తీసినప్పుడు కొంత పోతుంది, పోయినంత మెషిన్ భర్తీ చేస్తుంది. గది కొలత తెలిస్తే మెషిన్ కొలత తెలియడంలో వింత లేదు. ఇప్పుడు గోడలు తీసేయండి. పైకప్పు కూడా తీసేయండి. మీరు నింపాల్సిన చోటు ఎంత? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే అమ్మకందారు నాకింతవరకు తగల్లేదు. తగలడు కూడా, ఎందుకంటే నింపడానికి అక్కడ గదే లేదు. వస్తూ పోతూ ఉండే గాలి ఉందంతే.

ఆ గాలి ఎంతో లెక్కవేసి చూద్దాం. 5000 చదరపు అడుగుల హాలు, పది అడుగుల ఎత్తు. అందులో పట్టే గాలి సుమారు 1,400 ఘన మీటర్లు. గంటకోసారి అదంతా మారిపోతుందనుకుందాం. అంటే గంటలో 1,400 ఘన మీటర్ల కొత్త గాలికి మెషిన్ పరిమళం పట్టించాలి. ఇక లాన్‌లోకి రండి. పది మీటర్ల వెడల్పు, తలలకు కాస్త పైదాకా మూడు మీటర్ల ఎత్తు, అంతవరకే చూద్దాం. గాలి సెకనుకు ఒక్క మీటరు చొప్పున కదులుతోంది. దాన్ని గాలి అని కూడా ఎవరూ అనరు. ఆకు కదలదు. మనిషి నడకే అంతకన్నా వేగం. అయినా ఆ కాస్త జాగాలోంచి సెకనుకు 30 ఘన మీటర్లు, గంటకు 1,08,000 ఘన మీటర్ల గాలి దాటిపోతుంది. హాలుకు డెబ్బై ఏడు రెట్లు! హాల్లో గంటకు ఐదు మిల్లీలీటర్ల నూనె సరిపోయిందంటే ఇక్కడ 385 కావాలి. ఐదు గంటల రిసెప్షన్‌కు రెండు లీటర్లకు దగ్గర. ఇది పది మీటర్ల జాగాకు, అదీ ఆకు కదలని రోజున. వెయ్యిమంది కూర్చునే లాన్‌కు, నిజంగా గాలి వీచే రోజున ఎంతవుతుందో మీరే వేసుకోండి. ఏట్లో చింతపండు పిసికి పులుసు కాస్తానన్నవాడికి మనం డబ్బులివ్వం కదా. మరి వీళ్లకెందుకు ఇస్తున్నాం?

"అయితే రెండు మెషిన్లు పెడదాం, నాలుగు పెడదాం" అంటారు వెంటనే. అక్కడ మన ముక్కే అడ్డం తిరుగుతుంది. నూనె రెండింతలు చేస్తే వాసన రెండింతలుగా తోచదు. చాలా వాసనల విషయంలో, రెండింతలు ఘాటుగా అనిపించాలంటే గాలిలో ఆ పదార్థం మూడు నాలుగు రెట్లు పెరగాలి. ఇంద్రియాలను కొలిచే శాస్త్రంలో ఇది పాత సంగతే. అంటే ఖర్చు మెట్లెక్కి పోతుంటే ఫలితం పాకుతూ వస్తుంది. దానికి తోడు, అదే వాసనలో కొన్ని నిమిషాలుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. సాయంత్రం నుంచి అక్కడే నిలబడ్డ సూపర్‌వైజర్ "వాసన రావట్లేదు, పెంచండి" అంటాడు. పెంచుతారు. అప్పుడే కారు దిగిన అతిథికి తుమ్ములు మొదలవుతాయి. ఎంత పెట్టాలో తేల్చాల్సింది అప్పుడే లోపలికి వచ్చినవాడి ముక్కు. మన దగ్గర మాత్రం ఆ తీర్పు, అలవాటుపడి మొద్దుబారిన ముక్కులు చెబుతున్నాయి.

నా వాదనకో ఎదురువాదన ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. తొలకరి పడితే ఊరంతా మట్టివాసన రాదా? ఏ గోడలున్నాయి? ఏ కప్పుంది? నిజమే, వస్తుంది. ఎందుకొస్తుంది? ఆ వాసనకు 1964లో బేర్, థామస్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పెట్రికోర్ అని పేరు పెట్టారు. అందులో ముఖ్యమైన జియోస్మిన్‌ను నేలలోని సూక్ష్మజీవులు తయారుచేస్తాయి. అది అతి కొద్ది పాళ్లలో ఉన్నా మనిషి ముక్కు పసిగడుతుంది. అంతకన్నా ముఖ్యమైంది, అక్కడ వాసన వదులుతున్నది ఊరి నేల మొత్తం. మీరు ఎటు తిరిగినా ఆ నేల మీదే నిలబడి ఉంటారు. గాలి ఒక వాసనను మోసుకుపోతే, వెనకనున్న నేల మీంచి మరో వాసనను మోసుకొస్తుంది. మీ మెషిన్ సంగతి అలా కాదు. అది ఒక మూల, ఒక గొట్టం. గాలి ఒక వైపుకే వీస్తుంది, మిగతా మూడు వైపులా ఉన్నవాళ్లకు ఏమీ అందదు. తొలకరిని సాక్షిగా పిలిచినవాళ్లు ఆ సాక్షి ఏం చెప్పిందో విన్నట్టు లేరు.

ఆరుబయట పరిమళం అసలు కుదరదని నా వాదన అనుకోకండి. కుదురుతుంది. మనిషి దగ్గరికి, మనిషి ఆగిన చోటికి, ఆగినంతసేపే పంపితే కుదురుతుంది. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు. పెళ్లిపందిరి గుమ్మం దగ్గర పన్నీరుబుడ్డి పట్టుకుని నిలబడ్డ పిల్లలు ఏం చేస్తారు? పందిరంతా పన్నీరు పోస్తారా? వచ్చినవారి మీద నాలుగు చుక్కలు చల్లుతారు. చేతికి గంధం పూస్తారు. ఆ గంధం వాసన అతిథితోపాటే పంక్తి దాకా, భోజనం దాకా వెళుతుంది. గాలి ఎటు వీచినా దానికి నష్టం లేదు. లక్షల రూపాయల మెషిన్ చేయలేని పనిని గిన్నెడు గంధం చేస్తోంది. సాంబ్రాణి మాత్రం ఎక్కడ గుబాళిస్తుంది? గర్భగుడిలో. ప్రాకారం దాటాక పొగ కనిపిస్తుందేమో కానీ గుబాళింపు ఉండదు.

బయటి దేశాల్లో దీనికి ఉదాహరణగా బస్‌స్టాపుల కథలు రెండున్నాయి. 2006 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో పాల ప్రాసెసింగ్ కంపెనీల సంస్థ ఒకటి ఐదు బస్ షెల్టర్లలో చాక్లెట్ కుకీల వాసన వచ్చే పట్టీలు అంటించింది. బస్సు కోసం నిలబడ్డవాడికి ఆ వాసన పీల్చడం తప్ప దారి లేదు. అలర్జీలున్నవాళ్ల తరఫున ఫిర్యాదులొచ్చాయి, నగర రవాణా సంస్థ వెంటనే వాటిని తీయించేసింది. 2012లో బ్రిటన్‌లో మెకైన్ కంపెనీ పది బస్‌స్టాపుల్లో బంగాళాదుంప బొమ్మలు పెట్టింది. మీట నొక్కితే బొమ్మ వేడెక్కి, కాల్చిన దుంప వాసన వస్తుంది. నొక్కకపోతే రాదు. రెండూ ఆరుబయలే, రెండూ ప్రకటనలే. మొదటిదానిలో జనం ఇష్టాయిష్టాలకు చోటు లేదు. రెండోదానిలో కావలసినవాడు అడుగు దూరంలోకొచ్చి, తనే మీట నొక్కి వాసన చూశాడు. ఆరుబయట ఏ మెషిన్ కొనాలో నేర్చుకోవడానికి కేటలాగు తిరగేయడం కన్నా ఈ రెండు కథలు చదవడం మేలు.

గాలి సంగతి ఇంకా ఉంది, మెషిన్ కొనేవాళ్లు ఎన్నడూ అడగని సంగతి. 1961లో పాస్క్విల్ అనే బ్రిటిష్ వాతావరణ శాస్త్రవేత్త గాలి నిలకడను ఎ నుంచి ఎఫ్ దాకా ఆరు తరగతులు చేశాడు. ఫ్యాక్టరీ పొగ ఎటు పోతుందో, ఎంత పలచబడుతుందో అంచనా వేయడానికి ఇంజనీర్లు ఇప్పటికీ వాటిని వాడతారు. పొగకు చెల్లిన సూత్రం పరిమళానికి చెల్లదా? ఎండాకాలం మధ్యాహ్నం నేల కాలి గాలి పైకి లేస్తుంది. మీరు వదిలిన మల్లెపూల నూనె కూడా దానితోపాటే లేస్తుంది, గద్దలకు చేరుతుంది. పొద్దుగూకాక, ఆకాశం తేటగా ఉండి గాలి తగ్గితే, చల్లబడ్డ నేలను పట్టుకుని గాలి నిలకడగా ఉంటుంది. వాసన కిందే పారాడుతుంది. మధ్యాహ్నం లంచ్‌కు చాలని మోతాదు రాత్రి డిన్నర్‌కు ఊపిరాడనివ్వదు. మరి రోజంతా ఒకే మోతాదు మీద మెషిన్ నడిపేవాణ్ని ఏమనాలి? విశాఖ బీచ్‌రోడ్డు వైపు రెస్టారెంట్లకు దీనిపైన ఇంకో చిక్కు. పగలు గాలి సముద్రం మీంచి ఒడ్డుకు వీస్తుంది. రాత్రి నేలగాలి సముద్రం వైపు మళ్లుతుంది. పగలు చూసి సముద్రం వైపు రెయిలింగ్‌కు బిగించిన డిఫ్యూజర్, రాత్రి కస్టమర్లకు వీపు తిప్పి బంగాళాఖాతానికి పరిమళం పంచుతుంది. ఎన్ని వేల చదరపు అడుగుల మెషిన్ అయితేనేం?

చోటూ గాలీ వేళా తేలాకే మెషిన్ ఊసెత్తాలి. నీళ్లలో నూనె చుక్కలు వేసి పొగమంచు లేపే అల్ట్రాసోనిక్ రకాన్ని బయట పెట్టడం కంటికి మాత్రమే విందు. ఆ కనిపించేది దాదాపు అంతా నీళ్లే. హైదరాబాద్ బోరునీళ్లు పోస్తే కంపించే పళ్లెం మీద సున్నం పేరుకుపోతుంది, గాలిలోకి తెల్లటి దుమ్ము లేస్తుంది. వేడి వాతావరణంలో రోజుల తరబడి నిలవ ఉన్న నీళ్లను తుంపరగా చేసి జనం మీదికి వదలడం ఆరోగ్యానికీ మంచిది కాదు. లెజియోనెల్లా బ్యాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య నీళ్లలోనే పెరుగుతుంది, తుంపరతోనే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. మన ఎండాకాలం దానికి అనువైన కాలం. పుల్లల సీసాలు (రీడ్ డిఫ్యూజర్లు), కొవ్వొత్తులు బయట ఎందుకు పనికిరావో చెప్పనవసరం లేదు.

పనికొచ్చేవి రెండే. ఒకటి, నీళ్లు లేకుండా గాలి ఒత్తిడితో నూనెను అతి సన్నగా చీల్చే నెబ్యులైజర్. ఇందులో సన్నదనమే ప్రాణం. మైక్రాన్ సైజు బిందువు గంటకు జానెడు కూడా కిందికి దిగదు, గాలిలో తేలుతూనే ఉంటుంది. వంద మైక్రాన్ల బిందువు కొన్ని సెకన్లలోనే నేల మీద పడి టైల్స్‌ను జిడ్డు చేస్తుంది. రెండోది, పరిమళం పట్టించిన గుళికల మీదుగా చిన్న ఫ్యాన్ గాలి పంపే పొడి రకం. బిందువులే ఉండవు కనుక బిల్లింగ్ కౌంటర్ పక్కన, కుర్చీల దగ్గర, గుమ్మం తోరణంలో పెట్టుకోవచ్చు. ఏది కొన్నా చిన్నవి కొనండి, మనుషులు ఆగే చోట్ల పెట్టండి. వాలే పార్కింగ్ దగ్గర కారు దిగి ఆగుతారు. రిసెప్షన్ బల్ల దగ్గర, లిఫ్టు ముందు ఆగుతారు. మూడు పక్కల మూసిన క్యాబానాలో కూర్చుంటారు. లాన్ నడిమధ్యలో ఎవరు ఆగుతారు? అక్కడే మెషిన్ నిలబెట్టి ఫొటో తీయిస్తారు మనవాళ్లు.

ఇంకో దబాయింపు: "ఐపీ 65 సార్, వానలో తడిసినా ఏం కాదు." ఆరు అంటే దుమ్ము చొరబడదని, ఐదు అంటే పైపుతో నీళ్లు చిమ్మినా హాని జరగదని. బాగుంది. కానీ పరిమళం బయటికి రావాలంటే మెషిన్‌కు ఒక నోరుండాలి. ఆ పరీక్ష నోరు తెరిచి చేశారా, మూసి చేశారా? సముద్రపు ఉప్పుగాలికి ఆ నాజిల్ తుప్పు పట్టదా? ఈ రెండూ అడిగి చూడండి, అమ్మకందారు గొంతు మారుతుంది. నూనె విషయంలో ఉపేక్ష మరీ ప్రమాదం. నారింజ, నిమ్మ నూనెల్లో ప్రధానమైన లిమోనీన్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరికి నిప్పంటుకోగల వేడి, 50 డిగ్రీల లోపే. స్పిరిట్ కలిపిన సెంట్లది ఇరవైకి కూడా కింద. మే నెల ఎండలో ఇనుప డబ్బా లోపల యాభై దాటడం పెద్ద విశేషం కాదు. పక్కనే హోమగుండం, వంటల పొయ్యిలు, ఫోకస్ లైట్లు ఉంటాయి. సేఫ్టీ డేటా షీట్ చూడకుండా నూనె డబ్బా దించుకునేవాడు పరిమళం కొంటున్నాడా, పెట్రోలు కొంటున్నాడా?

పాఠకులారా, తీర్పు చెప్పాల్సింది మీరే. కేటలాగులో చదరపు అడుగులు చూపించినవాణ్ని మూడు ప్రశ్నలు అడగండి. గంటకు ఎన్ని మిల్లీలీటర్ల నూనె వదులుతుంది? గాలి ఎదురు తిరిగితే దాన్ని ఎక్కడికి జరపాలి? మధ్యాహ్నానికీ రాత్రికీ వేర్వేరు మోతాదులు పెట్టుకునే టైమర్ ఉందా? వీటికి జవాబులు కాగితం మీద రాసిచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.